బడి ముగిసే నాటికి: వైకల్యం ఉన్న విద్యార్థుల కోసం ప్రణాళిక ఎలా వేయాలి

వైకల్యం ఉన్న విద్యార్థికి కావలసిన సహాయం బడిలో ఉన్నంతకాలం చాలావరకు ఒకేచోట దొరుకుతుంది. ప్రత్యేక ఉపాధ్యాయులు, థెరపిస్టు, రాకపోకలకు వాహనం, పరీక్షల్లో అదనపు సమయం, ఇవన్నీ ఒక గొడుగు కిందే నడుస్తాయి. చదువు పూర్తయ్యాక ఒక్కో అవసరానికి ఒక్కో కార్యాలయం, ఒక్కో దరఖాస్తు, ఒక్కో అర్హత నియమం ఎదురవుతాయి. అంతవరకు తనను వెతుక్కుంటూ వచ్చిన సహాయాన్ని ఇకపై తానే అడిగి తెచ్చుకోవాలి. కాబట్టి ఈ ప్రణాళికలో అన్నిటికన్నా ముందు నేర్పవలసింది అడగడం.

అమెరికాలోని ప్రత్యేక విద్యా చట్టం ఐడియా ప్రకారం, విద్యార్థికి 16 ఏళ్లు వచ్చేసరికి వ్యక్తిగత విద్యా ప్రణాళికలో బడి తర్వాతి లక్ష్యాలు రాసి ఉండాలి. ఇంగ్లండులో ఈ చర్చ 13, 14 ఏళ్ల వయసులోనే మొదలవుతుంది. నా దృష్టిలో రెండోదే మేలు. మేధోవైకల్యం ఉన్న విద్యార్థికి ఒక కొత్త పని ఒంటబట్టడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు కనుక, చివరి తరగతిలో హడావిడిగా రాసిన ప్రణాళిక కాగితం మీదే ఉండిపోతుంది.

ఈ ప్రణాళిక వేసే సమావేశానికి విద్యార్థి తప్పనిసరిగా రావాలి. వచ్చినా, పెద్దలంతా తల్లి వైపు తిరిగి "మీ అమ్మాయికి ఏమిష్టమండీ?" అని అడుగుతూ ఉంటే ఆమె వచ్చిందన్న పేరే గానీ ఫలితం ఉండదు. ప్రశ్న ఆమెనే అడగాలి, జవాబుకు కావలసినంత సమయం ఇవ్వాలి. మాటలు రాని వారికి ఫొటో కార్డులు, సంజ్ఞా భాష, మాట్లాడే పరికరం, ఏది అలవాటైతే అది ముందే సిద్ధంగా ఉంచాలి. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త అవసరం. "తోటపని కావాలా, వంటపని కావాలా?" అంటే కొందరు చివర విన్న మాటనే తిరిగి చెబుతారు. కాసేపాగి అదే ప్రశ్నను వరుస మార్చి అడిగితే, అది నిజమైన ఇష్టమో, మాటల ప్రతిధ్వనో తేలిపోతుంది. ఎన్నడూ గ్రంథాలయం లోపలికి వెళ్లనివారు గ్రంథాలయంలో పనిని ఎంచుకోలేరు కాబట్టి, ఇష్టం అడగడానికి ముందు నాలుగైదు రకాల పనిచోట్లు చూపించడం కూడా ప్రణాళికలో భాగమే.

లక్ష్యాలు రాసేటప్పుడు "స్వతంత్రంగా జీవించడం" వంటి మాటలు చూడ్డానికి బాగుంటాయి గానీ, రేపు ఉదయం ఎవరు ఏం చేయాలో చెప్పవు. "తన మందులను తానే వేళకు వేసుకుని, అయిపోయేలోపు ఇంట్లో చెప్పడం" అని రాస్తే ఏం నేర్పాలో, ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. జాక్ పియర్‌పాయింట్, జాన్ ఓబ్రయన్, మార్షా ఫారెస్ట్ రూపొందించిన పాత్ అనే పద్ధతిలో ముందు విద్యార్థి కోరుకునే జీవితాన్ని పెద్ద కాగితం మీద బొమ్మగా గీసి, అక్కడినుంచి వెనక్కి వస్తూ రెండేళ్ల ముందు ఏం జరిగి ఉండాలి, ఆరు నెలల ముందు ఏం జరిగి ఉండాలి, వచ్చే నెలలో ఏం చేయాలి అని తేల్చుకుంటారు. గోడ మీది బొమ్మలోనైతే చదవడం రాని విద్యార్థి కూడా వేలుపెట్టి "ఇది కాదు" అనగలుగుతారు.

రోజువారీ నైపుణ్యాల్లో ప్రయాణానికి నేను పెద్దపీట వేస్తాను. ఒంటరిగా వెళ్లి రాగలిగితే ఉద్యోగం, స్నేహాలు, వైద్యం అన్నీ అందుబాటులోకి వస్తాయి. "బస్సెక్కడం" అన్నది పెద్దలకు ఒకే పని; నేర్పేటప్పుడు మాత్రం స్టాపు గుర్తుపట్టడం, నంబరు చూడటం, ఎక్కి టికెట్టు లేదా పాసు చూపించడం, దిగవలసిన చోటుకు ముందు కనిపించే గుర్తును కనిపెట్టడం, లేచి తలుపు దగ్గరికి రావడం, దిగడం అని విడగొట్టాలి. మొదట్లో చివరి అడుగు ఒక్కటే విద్యార్థికి వదిలి, మిగతావాటికి తోడుండి, అది కుదిరాక దానికి ముందరి అడుగును కూడా అప్పగిస్తూ రావచ్చు. ఆపై తోడు వెళ్లేవారు పక్క సీటులో కాక వెనక సీటులో కూర్చోవాలి. తరగతి గదిలో కుర్చీలు వరసగా వేసి ఆడించిన బస్సు ఆట నిజమైన బస్సులో పెద్దగా అక్కరకు రాదు. తప్పు బస్సెక్కితే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో కూడా కావాలని ఒకసారి తప్పు బస్సెక్కించి, తోడుగా ఉండి నేర్పాలి.

ఉద్యోగం విషయంలో, బడిలో ఉండగానే జీతం వచ్చే పని కొంతకాలం చేసిన విద్యార్థులు తర్వాత ఉద్యోగాల్లో కుదురుకోవడం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. 1996లో అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో మొదలైన ప్రాజెక్ట్ సెర్చ్‌లో విద్యార్థులు చివరి సంవత్సరాన్ని ఒక సంస్థలోనే గడుపుతూ వేర్వేరు విభాగాల్లో పనిచేస్తారు. అటువంటి కార్యక్రమం దగ్గర్లో లేకపోతే ఒక యజమానిని ఒప్పించి, వారానికి కొద్ది గంటల పనితోనైనా మొదలుపెట్టవచ్చు. పని నేర్పడానికి వచ్చే జాబ్ కోచ్ క్రమంగా తప్పుకుని, సహోద్యోగులే సహాయపడే స్థితి తేవాలి. పైచదువులకు వెళ్లేవారు తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్, రాసిపెట్టే మనిషి, అదనపు సమయం వంటివాటికి కొత్త సంస్థలో తామే దరఖాస్తు చేసుకోవాలి కనుక, ఆ లేఖను బడిలోనే తమ మాటల్లో రాయించాలి.

చట్టపరమైన విషయాన్ని చాలా కుటుంబాలు చివరిదాకా తలపెట్టవు. మెజారిటీ వయసు, అంటే చట్టం పెద్దవారిగా గుర్తించే వయసు, వచ్చిన రోజున నిర్ణయాధికారం విద్యార్థికి దక్కుతుంది. భయంతో వెంటనే పూర్తి సంరక్షకత్వానికి, అంటే విద్యార్థి బదులు అన్ని నిర్ణయాలూ తామే తీసుకునే అధికారానికి, కోర్టుకు వెళ్లడం నాకు సమంజసంగా తోచదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 12వ అధికరణ, వారికి ఇతరులతో సమానమైన చట్టపరమైన సామర్థ్యం ఉందని, దాన్ని వినియోగించుకోవడానికి కావలసిన సహాయం అందించాలని చెబుతోంది. డబ్బు, వైద్యం, నివాసం, ఈ మూడింటిలో దేనికి ఎవరి సలహా తీసుకుంటారో విద్యార్థి చేతనే చెప్పించి రాసుకుని, అది నిజంగా చాలని చోట మాత్రమే తక్కిన మార్గాలు స్థానిక న్యాయవాదిని అడిగి తెలుసుకోవడం మంచిది.

వైద్యానిదీ ఇదే దారి. పిల్లల వైద్యుల నుంచి పెద్దల వైద్యుల దగ్గరికి మారేలోపు జబ్బు, మందులు, అలర్జీలు, శస్త్రచికిత్సలు ఒక పేజీలో రాయించుకోవాలి. ప్రతిసారీ కొన్ని నిమిషాలైనా విద్యార్థి ఒంటరిగా వైద్యులతో మాట్లాడేలా అలవాటు చేయాలి.

చివరగా, ప్రణాళికలోని ప్రతి పని ఎదుట ఒక మనిషి పేరు, ఒక తేదీ ఉండాలి. "బడి చూసుకుంటుంది", "ఇంట్లోవాళ్లు చూసుకుంటారు" అని రాసిన పని ఎవరూ చేయరు. వైకల్య ధ్రువపత్రం, గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా, తాజా అంచనా నివేదికలు, సహాయ పరికరాలు ఎవరివన్న వివరం, ఇవన్నీ ఒకే ఫైలులో చేర్చి, అది ఎక్కడుందో విద్యార్థికి కూడా చూపించాలి. పరికరం బడిదైతే అది చివరి రోజున వెనక్కి వెళ్లిపోతుంది గనుక, కొత్తదానికి దరఖాస్తు కనీసం కొన్ని నెలల ముందే పెట్టాలి. బడి మానిన మూడు నెలలకు, మళ్లీ ఆరు నెలలకు విద్యార్థికి ఎవరు ఫోన్ చేసి కనుక్కుంటారో కూడా చివరి సమావేశంలోనే నిర్ణయించి, ఆ తేదీలను ఇంట్లోని క్యాలెండర్‌లో విద్యార్థి చేతనే గుర్తు పెట్టించాలి.