పాత జీపుకు ఇంట్లోనే టాప్ క్యారియర్ – మూడో పాఠం: చట్రం అతకడం, కాళ్లు నిలపడం

మొదటి పాఠంలో బండి పైకప్పు కొలతలు తీసుకున్నాము. రెండో పాఠంలో పైపులు కొని, కోసి పెట్టుకున్నాము. ఈ పాఠంలో ఆ ముక్కలను చట్రంగా అతికి, దానిని బండి మీద నిలిపే ఆరు కాళ్లను తయారు చేసుకుంటాము. మొత్తం పనిలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ కోరే భాగం ఇదే. పైపు ఎంత మందంగా ఉన్నా, కాలు గట్టరును ఎంత గట్టిగా పట్టుకుంటే క్యారియర్ అంత బరువే మోస్తుంది.

ఈ పాఠాలు ఇనప టాపు, దాని చుట్టూ వాన నీరు జారే గట్టరు అంచు ఉన్న మార్షల్, అర్మడా తరహా పాత బండ్లకే వర్తిస్తాయని మరొకసారి గుర్తు చేస్తున్నాను. గుడ్డ టాపు జీపు మీద ఈ పద్ధతి పనికిరాదు. దానికి బాడీ నుంచే నిలువు కమ్మీలు లేపాలి. అలాగే మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ బండికి చేసే మార్పులకు హద్దులు పెడుతుంది కనుక, పని మొదలుపెట్టక ముందే మీ రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

మన చట్రం పొడవు 1500 మి.మీ., వెడల్పు 1200 మి.మీ. అనుకుందాము. 25 × 25 మి.మీ. చదరపు పైపు, 16 గేజీ, అంటే గోడ మందం సుమారు 1.6 మి.మీ. 1500 మి.మీ. ముక్కలు రెండు, వాటి మధ్య ఇమిడే 1150 మి.మీ. అడ్డ ముక్కలు ఆరు కలిపి సుమారు 10 మీటర్లు అవుతాయి, మీటరుకు 1.18 కిలోల లెక్కన బరువు 12 కిలోల లోపే తేలుతుంది. చుట్టూ వచ్చే 20 మి.మీ. పైపు కటకటాలకు ఇంకో 6 కిలోలు, కాళ్లకు 3 కిలోలు, అడుగున జాలీకి 4 కిలోలు వేసుకుంటే మొత్తం 25 కిలోలు. క్యారియర్‌తో కలిపి 75 కిలోలు దాటకూడదని మొదటి పాఠంలోనే హద్దు పెట్టుకున్నాము కాబట్టి, సామానుకు మిగిలేది 50 కిలోలు. వెల్డింగు షాపులో ఇంకా మందమైన 14 గేజీ అయితే గట్టిగా ఉంటుందని చెబుతారు. ఆ మాటకు నేను ఒప్పుకోను. పైపు మందం పెరిగిన కొద్దీ బరువు బండి నెత్తి మీదికి ఎక్కుతుంది, మీరు తీసుకెళ్లగలిగే సామాను తగ్గుతుంది. 16 గేజీ అడ్డ పైపు ఒక్కదాని నడిమధ్యన 50 కిలోలు మోపినా అది వంగేది 6 మి.మీ. చిల్లరే.

ముక్కలను సమంగా ఉన్న గచ్చు మీద పేర్చండి. అడ్డ ముక్కల మధ్య దూరం, మధ్య గీత నుంచి మధ్య గీతకు, 295 మి.మీ. వస్తుంది. ముందుగా నాలుగు మూలల్లో మాత్రమే చిన్న చుక్క వెల్డింగు పెట్టి, మూలమట్టంతో ఒక్కొక్క మూలా చూడండి. చిన్న మూలమట్టంతో పెద్ద చట్రాన్ని నమ్మడానికి లేదు కనుక, పొడుగు పైపు మీద 900 మి.మీ., వెడల్పు వైపు 1200 మి.మీ. గుర్తు పెట్టి వాటి మధ్య ఏటవాలు దూరం కొలవండి. అది సరిగ్గా 1500 మి.మీ. ఉంటే ఆ మూల 90 డిగ్రీలు. ఆ తరువాత ఎదురు మూలల మధ్య కొలతలు రెండూ తీయండి. రెండూ 1921 మి.మీ. ఉండాలి. ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా వస్తే, కోడు వదులైన నులకమంచంలా చట్రం పక్కకు వాలిందని అర్థం. ఎక్కువ వచ్చిన మూలను గోడకు ఆనించి, ఎదురు మూల మీద చెక్క అడ్డంపెట్టి సుత్తితో మెల్లగా తట్టితే సర్దుకుంటుంది. చుక్కలు మాత్రమే ఉన్నంతసేపే ఈ దిద్దుబాటుకు వీలు. పూర్తి వెల్డు పడిన తరువాత కోసి మళ్లీ అతకవలసిందే.

పూర్తి వెల్డుకు 2.5 మి.మీ. మందం ఉన్న 6013 రకం వెల్డింగు రాడ్డు, 60 నుంచి 80 ఆంపియర్లు సరిపోతాయి. పలుచని పైపు కాబట్టి ఒకే చోట ఆగితే బెజ్జం పడుతుంది. వెల్డింగు అద్దంలోంచి చూస్తున్నప్పుడు కరిగిన లోహపు మడుగు రెండు ముక్కల మీదికీ సమంగా పాకాలి. అది ఒక ముక్క మీదే గుమిగూడితే రెండో దానికి అతుకు పట్టనట్లే. అంగుళం మేర వేసి, ఎదురు మూలకు వెళ్లి అక్కడ ఒక అంగుళం వేయండి. ఒకే వైపు వరుసగా వేసుకుంటూ పోతే వేడి చల్లారేటప్పుడు చట్రం అటే లాగుతుంది. ప్రతి వెల్డు మీది చిట్టెం రాల్చి, వైరు బ్రష్షుతో రుద్ది చూశాకే తరువాతి దానికి వెళ్లాలి. వానాకాలంలో రాడ్లు చెమ్మ పట్టి చిటపటలాడతాయి, అతుకులో గుల్లలు పడతాయి. విప్పిన ప్యాకెట్టును మూత బిగువైన డబ్బాలో ఉంచండి. జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న పైపు, కొన్నవారు అతుకు దగ్గర జింకు పూతను గ్రైండరుతో పూర్తిగా తీసివేసి, ఆరుబయట గాలికి ఎదురుగా కాక పక్కగా కూర్చుని పని చేయాలి. జింకు పొగ పీలిస్తే చలి జ్వరం వస్తుంది.

ఇప్పుడు కాళ్లు. ముందు గట్టరును పరీక్షించండి. గట్టరు పొడవునా స్క్రూడ్రైవరు మొనతో నొక్కుకుంటూ పోండి, పెయింటు ఉబ్బిన చోట మరీ గట్టిగా నొక్కండి. మొన దిగబడితే అక్కడ మిగిలింది తుప్పే. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి తిరిగిన బండ్లలో ఈ పరీక్ష తప్పనిసరి. అలాంటి చోట కాలు పెట్టకూడదు. రేకు మార్చిన తరువాతే ముందుకు సాగాలి.

కాలుకు రెండు భాగాలుంటాయి. మొదటిది 50 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం ఉన్న నిలువు పట్టీ. దీని పై కొస చట్రం పొడుగు పైపుకు వెల్డు అవుతుంది, కింది అంచు గట్టరు కాలువలో కూర్చుంటుంది. రెండోది 3 మి.మీ. మందం ఉన్న కొక్కెం పట్టీ. దాని కింది 12 మి.మీ. లోపలికి, కొంచెం పైకి వాలేట్టు వంచాలి. ఈ కొక్కెం బయటి నుంచి గట్టరు పెదవి కిందికి దూరుతుంది. రెండు పట్టీలకూ కలిపి గట్టరుకు కొంచెం పైన ఎం8 (8 మి.మీ.) బోల్టు, 8.8 బలపు గ్రేడుది, వాషరు, లోపల నైలాను ఉంగరం ఉండే నైలాక్ నట్టు వేసి బిగిస్తే, కొక్కెం వాలు వల్ల గట్టరు పెదవి పైకి, కాలు కిందికి లాగబడి రెండూ ఒకదానినొకటి కరుచుకుంటాయి. ఇనుము ఇనుముకు తగిలే చోటల్లా పాత టైరు ట్యూబు ముక్క అడ్డం పెట్టండి. లేకపోతే గట్టరు పెయింటు గీరుకుపోయి తుప్పుకు దారి ఏర్పడుతుంది.

కాళ్లను తలుపుల మధ్యన ఉండే నిలువు స్తంభాల దగ్గరే నిలపాలి. మధ్యలో గట్టరు రేకు మాత్రమే, దాని కింద ఆనుడు లేదు. ముందు అద్దం స్తంభం, మధ్య స్తంభం, వెనుక మూల, అలా ఒక్కో వైపు మూడు. నిలుచున్న బండి మీద 75 కిలోలు ఆరు కాళ్లకు పంచితే ఒక్కోదానికి 12.5 కిలోలే. కానీ కాలువ గట్టు రోడ్డు మీద బండి ఒక వైపు ఒరిగినప్పుడు, సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచినప్పుడు, ఆ బరువు ఒకటి రెండు కాళ్ల మీదికే జరుగుతుంది. కాలి కొలతలు చూసుకోవలసింది ఆ క్షణాన్ని దృష్టిలో ఉంచుకుని.

చట్రాన్ని చెక్క దిమ్మెల మీద పైకప్పుపై ఉంచి, పైకప్పు మధ్య ఉబ్బుకూ అడ్డ పైపుకూ కనీసం 40 మి.మీ. సందు ఉండేలా సరిచూసి, కాళ్లను గట్టరులో నిలబెట్టి పైపు మీద సుద్దతో గుర్తు పెట్టండి. వెల్డింగు మాత్రం చట్రం దింపి కిందే చేయాలి. బండి మీద వెల్డు చేస్తే నిప్పురవ్వలు అద్దాల మీద పడి మచ్చలు చేస్తాయి, బ్యాటరీ తీగ విప్పకపోతే ఆల్టర్నేటరు కూడా పాడు కావచ్చు. పొడుగు పైపుల తెరిచిన కొసలకు రేకు మూతలు వెల్డు చేయండి. పైపు అడుగు వైపు 5 మి.మీ. బెజ్జాలు రెండేసి పెట్టడం మరవకండి. మన తేమ గాలిలో పైపు లోపల చేరిన నీరు బయటికి పోయే దారి అదొక్కటే.

బిగించిన తరువాత ప్రతి తలుపూ పూర్తిగా తెరిచి మూయండి. కొక్కెం పట్టీ తలుపు పై అంచుకు తగులుతుందేమో ఒక కాగితం ముక్కను సందులో పెట్టి లాగి చూడండి. తగిలితే కొక్కేన్ని గ్రైండరుతో పలుచన చేయాలి. ఆ మీదట చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. బండి మొత్తం స్ప్రింగుల మీద ఊగాలి, చట్రం గట్టరు మీద కదలకూడదు. 20 కిలోల బస్తా ఒకటి తాడుతో కట్టి గట్టు రోడ్డు మీద కాస్త దూరం నెమ్మదిగా పోయి వచ్చి, 13వ నంబరు స్పానరుతో నట్లన్నీ మళ్లీ చూడండి; ట్యూబు ముక్కలు నలిగి కూర్చోవడం వల్ల మొదటిసారి అవి తప్పక కొంత వదులవుతాయి.

పెయింటు ఇప్పుడే వద్దు. తరువాతి పాఠంలో కటకటాలు, జాలీ అతకవలసి ఉంది. అంతవరకూ ఇనుము ఊరికే తుప్పు పట్టకుండా, వెల్డు పడబోయే చోట్లు వదిలి మిగతా అంతటా ఒక పూత రెడ్ ఆక్సైడ్ వేసి నీడపట్టున ఉంచండి.