రబ్బరు బేరింగుల పరీక్ష – 4వ పాఠం: పక్కకు నెట్టి లూపు చదవడం

గత పాఠంలో బేరింగు (భవనానికీ పునాదికీ మధ్య పెట్టే, రబ్బరు పొరలూ స్టీలు ప్లేట్లూ కలిపిన దిమ్మ) మీద నిలువు బరువు పెట్టి ఎంత కుంగిందో కొలిచాం. ఈసారి ఆ బరువు తీయకుండానే పక్కకు నెడతాం. భూకంపం వచ్చినప్పుడు బేరింగు చేయాల్సిన అసలు పని ఇదే. బెజవాడ, గుంటూరు రెండూ 2016 నాటి ఐఎస్ 1893 (భూకంపాలను తట్టుకునే కట్టడాలకు భారతీయ ప్రమాణం) మ్యాపులో జోన్ 3లో, అంటే ఓ మోస్తరు ముప్పున్న ప్రాంతంలో ఉన్నాయి కాబట్టి ఇది మనకు అక్కర్లేని చదువు కాదు.

ఎంత దూరం నెట్టాలి? పక్కకు సాగేది రబ్బరే, మధ్యలోని స్టీలు ప్లేట్ల మందం లెక్కలోకి రాదు. రబ్బరు పొరలన్నీ కలిపి 200 మి.మీ. ఉంటే, 200 మి.మీ. నెట్టినప్పుడు వంద శాతం షియర్ స్ట్రెయిన్ (రబ్బరు మందంతో పోలిస్తే పక్కకు ఎంత జరిగిందనే లెక్క) అయినట్టు.

అటూ ఇటూ నెడుతూ బలాన్నీ కదలికనూ గ్రాఫు గీస్తే లూపు, అంటే మూసుకున్న గీత, వస్తుంది. నన్నడిగితే, అంకెల కంటే ముందు దాని ఆకారం చూడండి. మామూలు రబ్బరుకు లూపు సన్నగా, నడుమ సీసం కడ్డీ ఉన్నదానికి లావుగా వస్తుంది. ఎంత లావైతే అంత శక్తిని మింగినట్టు. 2001 భూకంపం తర్వాత భుజ్‌లో మళ్లీ కట్టిన ఆసుపత్రి కింద ఉన్నవి సీసం కడ్డీ బేరింగులే.

ఇప్పుడు లెక్క. +200 మి.మీ. దగ్గర బలం +160 కిలోన్యూటన్లు, −200 దగ్గర −150 అనుకుందాం. బలాల తేడా 310ని, కదలికల తేడా 400తో భాగిస్తే 0.775. మి.మీ.కి ఇన్ని కిలోన్యూటన్లు అన్నమాట, ఇదే ఎఫెక్టివ్ స్టిఫ్‌నెస్, అంటే మొత్తమ్మీద బేరింగు గట్టితనం. లూపు లోపలి వైశాల్యం 40,000 కిలోన్యూటన్-మి.మీ. అనుకోండి. దాన్ని 2π × 0.775 × 200² తో భాగిస్తే సుమారు 0.205, అంటే ఇరవై శాతం పైచిలుకు డ్యాంపింగ్ (ఊపును అణిచే గుణం). వైశాల్యానికి సాఫ్ట్‌వేర్ ఉన్నా, మొదటిసారి గ్రాఫు పేపరు మీద గళ్లు లెక్కపెట్టండి. లూపు ఎక్కడ నొక్కుకుపోయిందో అప్పుడే కంటబడుతుంది.

మొదటి సైకిల్లో (ఒకసారి అటూ ఇటూ నెట్టి తెస్తే ఒక సైకిలు) రబ్బరు గట్టిగా ఉంటుంది, తర్వాతి వాటిలో మెత్తబడుతుంది. అందుకే సగటు ఒక్కటే రాసి ఊరుకోకూడదు, ప్రతి సైకిలు అంకె విడిగా రాయాలి. భవనానికి తగిలేది ఆ మొదటి ఊపే కదా! ఉష్ణోగ్రత కూడా రాయండి. మే నెలలో ఆటోనగర్ రేకుల షెడ్డులో ఉంచిన బేరింగును అలాగే మిషన్ ఎక్కిస్తే, ఉన్నదానికంటే మెత్తగా కనిపిస్తుంది.

ఇంటిపని: సైకిల్ షాపులో పాత ట్యూబు అడిగి ఒక పట్టీ కత్తిరించండి. స్ప్రింగు త్రాసుతో ఒకే పొడవుకు మూడుసార్లు లాగి, మూడు రీడింగులూ రాయండి. పట్టీని ఒక రోజు వదిలేసి మళ్లీ లాగండి. ఆ అంకెలతోనే 5వ పాఠం మొదలుపెడదాం.