టీకా వేయించిన తర్వాత ఏం గమనించాలి, ఎవరికి తెలియజేయాలి

విజయవాడలోనైనా గుంటూరులోనైనా పట్టణ ఆరోగ్య కేంద్రంలో బిడ్డకు టీకా వేయించగానే ఆటో ఎక్కకుండా అరగంట అక్కడే కూర్చోవాలి. చాలా అరుదుగా వచ్చే తీవ్రమైన అలర్జీ సాధారణంగా తొలి నిమిషాల్లోనే బయటపడుతుంది. దానికి వేయవలసిన అడ్రినలిన్ ఇంజెక్షన్ టీకా కేంద్రంలో దొరుకుతుంది కానీ ఇంట్లో దొరకదు.

టీకా వేసే ముందు సీసాను చూపించమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. సీసా మీద వృత్తంలో ఉన్న చతురస్రం, చుట్టూ ఉన్న రంగు కంటే లేతగా ఉంటేనే ఆ టీకా వేడికి పాడవలేదని అర్థం. మే నెల బెజవాడ ఎండల్లో ఇది చూడదగిన విషయమే. మీజిల్స్-రుబెల్లా టీకా పొడిని ద్రావకంతో కలిపిన నాలుగు గంటల్లోపే వాడాలి కనుక, సీసాపై రాసిన సమయాన్ని కూడా చూడవచ్చు. టీకా పేరు, బ్యాచ్ నంబరు, వేసిన సమయం, ఏ తొడకు వేశారన్నది ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల రక్షణ కార్డులో) రాయించుకోండి.

ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ వాపు మామూలే. మీజిల్స్-రుబెల్లా టీకా జ్వరం, దద్దుర్లు మాత్రం సుమారు వారం దాటాక రావచ్చు. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా పొక్కు కొన్ని వారాలకు వస్తుంది, దాన్ని గిల్లకూడదు, ఏమీ రాయకూడదు.

ఫిట్స్ వచ్చినా, మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడ్చినా, బిడ్డ వాలిపోయినా, ఊపిరి కష్టమైనా ముందు ఆసుపత్రికి తీసుకువెళ్లి, టీకా వేసిన తేదీని వైద్యునికి చెప్పి, ఆ తర్వాత ఏఎన్‌ఎంకు గానీ ఆశా కార్యకర్తకు గానీ తెలియజేయాలి. ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఈ కబురే ఎక్కువగా మరుగున పడుతుంది. పాపం, టీకా వేసిన అమ్మాయికి మాట వస్తుందేమోనని ఊరుకునేవారూ ఉన్నారు. అయితే ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. టీకా వల్లనే జరిగిందని మీరు నిరూపించనక్కరలేదు. కారణం టీకాయా, వేసిన విధానమా, అదే సమయానికి వచ్చిన మరో జబ్బా అన్నది తేల్చడం నిపుణుల కమిటీల పని. వైద్యాధికారి ద్వారా జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి సమాచారం అందితేనే ఆ విచారణ మొదలవుతుంది. మందుల, టీకాల దుష్ప్రభావాల సమాచారం సేకరించే ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఉచిత నంబరు 1800-180-3024కు పనిదినాల్లో నేరుగా ఫోన్ చేసి కూడా చెప్పవచ్చు.

తర్వాతి డోసు వేయించాలా వద్దా అన్నది సొంతంగా నిర్ణయించుకోకుండా, ఎంసీపీ కార్డుతో వైద్యాధికారిని కలిసి అడగండి.