పాత కారు క్రోమ్ పని, 4వ పాఠం: రాగి రంగును నమ్మకండి

ఈసారి బఫింగ్ చక్రం, అంటే మెరుగు పెట్టే గుడ్డ చక్రం, ఎక్కించాల్సింది. అది 5వ పాఠానికి వాయిదా. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పాత క్రోమ్ ఊడదీయడం చెప్పిన 3వ పాఠం తర్వాత మూడు రకాల గొడవలు తలెత్తాయి. వాటిని తేల్చకుండా ముందుకు పోతే, పాడైన ముక్కకే మెరుగు పెడుతూ కూర్చుంటారు.

మొదటిది చిన్నది. క్రోమ్ పోయాక పసుపు జీర ఉన్న తెల్లని పొర మిగిలిందని, గంటసేపు నానబెట్టినా కదల్లేదని కొందరి బాధ. కదలదు, అది నికెల్. అలంకారానికి వేసే క్రోమ్ మందం సాధారణంగా అర మైక్రాన్ దాటదు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). దాని కింద 10 నుంచి 30 మైక్రాన్ల నికెల్, ఆ కింద రాగి. మనం అద్దంలా చూసే మెరుపు నికెల్‌దే. క్రోమ్ దాన్ని మసకబారనివ్వని నీలి జీర తెర మాత్రమే. ఉక్కు ముక్క మీద బుడగలు తగ్గిపోయాయంటే ఆమ్లం పని అయిపోయినట్టే, వెంటనే బయటికి తీయండి. ఇంకా ఉంచితే నికెల్‌లోని సూది రంధ్రాల గుండా ఆమ్లం అడుగు ఉక్కును తింటుంది. నికెల్ ఊడదీయడం ప్లేటింగ్ వాళ్ల పని. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరెంటును తిరగేసి పారించి తీస్తారు. కాస్టిక్ సోడాలో కరెంటు పెట్టి ఇంట్లోనే క్రోమ్ తీయవచ్చా అన్న ప్రశ్నకు జవాబు: వద్దు. ఆ పద్ధతిలో క్యాన్సర్ తెచ్చే ఆరు వేలెన్సీల క్రోమియం ద్రవంలోకి దిగుతుంది. మీ బకెట్‌లో ఇప్పటికే ఉన్న ఆకుపచ్చ ద్రవం అంత ప్రమాదకరం కాదు గానీ, దాన్ని కూడా కాలువలో పోయకూడదు. సోడాతో విరిచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి.

రెండోది ఉక్కు ముక్క కడిగి తుడిచేలోపే ఎర్రబడటం. చల్లని నీళ్లతో కడిగితే అంతే. లీటరు నీటికి రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపి ముంచి, తర్వాత చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో ముంచి తీయండి. ముక్క తన వేడికి తానే ఆరిపోతుంది. వెచ్చగా ఉండగానే పలచని మెషిన్ ఆయిల్ పూయండి. స్ప్రింగ్ క్లిప్పులను మాత్రం అసలు ఆమ్లంలో వేయకండి. గట్టిపరచిన ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడి పెళుసు చేస్తుంది. బిగించిన రోజు బాగానే ఉంటాయి, తర్వాత ఎప్పుడో పుటుక్కున విరుగుతాయి.

మూడోది అసలు నష్టం. తలుపు పిడులు, బానెట్ మీది బొమ్మలు, వెనక లైట్ల చట్రాలు ఆమ్లంలో పడగానే పొంగాయి, నల్లబడ్డాయి, బయటికి తీసేసరికి అంచులు ఎలుక కొరికినట్టు అయ్యాయి. అవి జింక్ పోతలు, అంటే జింక్‌ను కరిగించి అచ్చులో పోసి చేసిన ముక్కలు. ముందే గీసి చూశామని, రాగి రంగు కనబడితే ఇత్తడి అనుకున్నామని దాదాపు అందరిదీ ఒకటే మాట.

ఈ పొరపాటు దగ్గర నాకు ఓపిక తక్కువ, అందుకే విడమరిచి చెబుతాను. జింక్ మీద నికెల్ నేరుగా వేయలేరు, నికెల్ తొట్టిలోని ద్రవమే జింక్‌ను తినడం మొదలుపెడుతుంది. అందుకని ముందు క్షార ద్రవమున్న తొట్టిలో రాగి పూస్తారు. అంటే మీ చేతిలోని జింక్ పిడిని పైపైన గీస్తే రాగి రంగు తప్పకుండా కనబడుతుంది. ఉక్కు బంపర్ల కింద కూడా చాలాసార్లు రాగే ఉంటుంది. కాబట్టి గీతలో ఎర్రని రంగు కనబడితే ముక్కకు పూత ఉందని తెలుస్తుందే తప్ప ముక్క దేనితో చేశారో తెలియదు. సూదితో గీస్తే పూతలోనే ఆగిపోతారు. పొరలన్నీ కలిపినా చాలా ముక్కల్లో 0.1 మి.మీ. ఉండవు. వెనకవైపు, బిగింపు బోల్టు మొదట్లో, కనబడని చోట ఆకురాయితో పది పన్నెండు సార్లు గట్టిగా రుద్ది ఆ మందం దాటండి. రాగి గీత పక్కకు జరిగి చుట్టూ అంచులా మిగిలి, మధ్యలో వేరే రంగు తేలుతుంది. ఆ మధ్య రంగే లెక్క. బూడిద నీలం అయితే జింక్. నిజంగా పసుపు అయితే ఇత్తడి, దానికి రాగి అంచు ఉండకపోవచ్చు. మెత్తగా, వెండిలా తెల్లగా ఉండి ఆకురాయి పళ్లలో అతుక్కుంటే అల్యూమినియం.

ముక్క ఉక్కో కాదో చూడటానికి వాడే అయస్కాంతం గురించి కూడా ఒక మాట. ఫ్రిజ్ తలుపుకు అంటించే మామూలు అయస్కాంతం వాడండి. చాలా బలమైన నియోడిమియం అయస్కాంతం పెడితే మందపాటి నికెల్ పూతకే కొద్దిగా లాగుతుంది, జింక్ పిడిని ఉక్కు అనుకుంటారు. స్టెయిన్‌లెస్ పట్టీలతో గందరగోళం ఇంకో రకం: 430 రకం అంటుకుంటుంది, 304 దాదాపు అంటుకోదు. కిటికీల చుట్టూ పలచగా వంచిన పట్టీ వెనకవైపు కూడా తుప్పు లేకుండా అదే రంగులో ఉంటే అది స్టెయిన్‌లెస్. దానికి పూతే లేదు, ఊడదీయడానికి ఏమీ లేదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పెడితే ఉన్న నునుపు కూడా గుంటలు పడుతుంది.

రంగు తేలనప్పుడు తూకం వేయండి. గ్రాము వరకు చూపే త్రాసు చాలు. ముక్కను గాలిలో తూచండి, తర్వాత సన్నని దారంతో వేలాడదీసి పూర్తిగా నీళ్లలో ముంచి తూచండి. గాలిలో తూకాన్ని తగ్గిన తూకంతో భాగించాలి. గాలిలో 198 గ్రాములు, నీళ్లలో 168 అయితే తగ్గింది 30, భాగిస్తే 6.6. జింక్ పోతకు రావాల్సింది 6.6, 6.7 దగ్గర. ఉక్కుకు 7.8, ఇత్తడికి 8.5 చుట్టుపక్కల, అల్యూమినియానికి 2.7. ఒకటి దగ్గర వస్తే అది క్రోమ్ వేసిన ప్లాస్టిక్. ఇదే తూకం ఇంకో పిడికి 254, 224 వచ్చిందనుకోండి, 254ను 30తో భాగిస్తే 8.5, ఇత్తడి. నీళ్లలో చుక్క సబ్బు వేయండి, గుంటల్లో గాలిబుడగ ఆగితే లెక్క తేలిక వైపు తప్పుతుంది. ఉక్కు బోల్టు లోపల పోతలో కలిసిపోయి ఉంటే బరువు వైపు తప్పుతుంది.

ఇక దెబ్బతిన్న జింక్ ముక్కల సంగతి. సోడా నీళ్లలో ఊరబెట్టి, నైలాన్ బ్రష్‌తో నల్ల మసి వదిలేదాకా రుద్ది, వేడినీళ్లతో కడిగి, హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టండి. గోడ మందం ఎక్కడైనా 1 మి.మీ. కంటే తగ్గిపోతే నేనైతే ఆ ముక్క మీద డబ్బు పెట్టను, ఇంకోటి వెతుకుతాను. మిగిలినవాటిలో ప్రతి గుంటనూ 1 మి.మీ. గుండ్రటి బర్‌తో (తిరిగే పరికరానికి బిగించి లోహాన్ని చెక్కే చిన్న మొన) మెరిసే లోహం కనబడేదాకా తెరవాలి. అడుగున తెల్లని పొడి రవ్వంత మిగిలినా అది చెమ్మ పీల్చి, కొత్త పూతను పొక్కులా లేపుతుంది. గుంటను సాసర్‌లా వెడల్పుగా తీయండి, బావిలా కాదు. ప్లేటింగ్ కరెంటు అంచుల మీదికే ఎక్కువ పోతుంది, లోతైన సన్నని రంధ్రం అడుగుకు రాగి చేరదు.

పూడ్చడానికి బాడీ పుట్టీ, ఎపాక్సీ పనికిరావు. కరెంటు పారనిచోట పూత పట్టదు. టంకం కావాలి, అదీ నేరుగా జింక్ మీద కాదు. జింక్ మీది ఆక్సైడ్ పొర టంకాన్ని సరిగ్గా అంటనివ్వదు, పైగా పోత దాదాపు 385 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. తెరిచిన ముక్కను ప్లేటింగ్‌కు పంపి ముందు రాగి మాత్రమే వేయించండి, కనీసం 20 మైక్రాన్లు అని రాసి ఇవ్వండి. పలచగా వేస్తే వేడికి రాగి జింక్‌లోకి, టంకంలోకి కరిగిపోయి కింది లోహం బయటపడుతుంది. ఆ రాగి మీద 60/40 టంకం (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం), ఐరన్ మొన 250 డిగ్రీల దగ్గర. గుంట కంటే కాస్త ఉబ్బుగా నింపి, సన్న ఆకురాయితో దించి, వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) 320, 400, 600, 800. ప్రతి నంబర్‌కూ దిక్కు మార్చి అడ్డంగా రుద్దండి, వెనకటి గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి కాగితం. తర్వాత మళ్లీ రాగి, మళ్లీ 600, 800. ఆ పైన నికెల్, క్రోమ్.

రుద్దడంలో అత్యాశ వద్దు. జింక్ పోతకు పైచర్మం గట్టిది, లోపల సన్న రంధ్రాలుంటాయి. చర్మం దాటితే ఒక గుంట పూడ్చబోయి నలభై తెరుస్తారు. అక్షరాలున్న బ్యాడ్జీలను చేత్తోనే, పెన్సిల్ రబ్బరు చుట్టూ కాగితం చుట్టి రుద్దుతాను. చక్రం అక్షరాల అంచులను సబ్బు ముక్కలా అరగదీస్తుంది. బోల్టు మరలకు పూత పట్టకుండా ప్లేటింగ్ టేపు చుట్టమని చెప్పడం మరవకండి, లేకపోతే నట్ ఎక్కదు.

సాధన ఈసారి కొంచెం ఎక్కువే. పనికిరాని ముక్కలు ఐదు తెచ్చుకోండి, కనీసం రెండు జింక్‌వి ఉండాలి. ఐదింటినీ ఆకురాయితో, తూకంతో విడివిడిగా పరీక్షించి రెండు జవాబులూ రాసుకోండి. అవి కలవకపోతే మళ్లీ తూచండి. తర్వాత ఒక జింక్ ముక్క మీద పది గుంటలు తెరవండి, ఒక్కటి కూడా అవతలికి చిల్లు పడకూడదు. పక్కనే చదునుగా ఉన్నచోట చిటికెన వేలంత స్థలాన్ని 800 దాకా రుద్ది, దాని మీద కిరోసిన్ తడి చేసి, ట్యూబ్‌లైట్ ప్రతిబింబం చూడండి. గీత వంకరపోయిన చోట మీ వేళ్లు ఎక్కువ నొక్కాయి. కాగితం కింద చదునైన చెక్క పెట్టి, 400 నుంచి మళ్లీ. గీత తిన్నగా వచ్చిన ముక్కనే దాచండి, 5వ పాఠంలో చక్రం మీదికి ఎక్కేది అదే.