లేబియాప్లాస్టీకి ఒప్పుకునే ముందు ఏం చూసుకోవాలి, ఏం అడగాలి

క్లినిక్ బోర్డుల మీద "వజైనల్ రెజువెనేషన్" అని కనిపిస్తే అది ఏ ఆపరేషనో దాన్నిబట్టి చెప్పలేం. యోనిద్వారానికి రెండు వైపులా ఉండే లోపలి పెదవులను తగ్గించే లేబియాప్లాస్టీ, క్లిటోరిస్ (ఆ పెదవులు పైన కలిసేచోట స్పర్శ బాగా ఎక్కువగా ఉండే చిన్న భాగం) మీది చర్మం తగ్గించడం, యోని బిగించడం, లేజర్, రక్తంలోంచి తీసిన ప్లాస్మా ఇంజెక్షన్, కన్నెపొరకు కుట్లు వేయడం, వీటిలో ఏదైనా కావచ్చు. ఒక్కోదాని ప్రమాదం ఒక్కోలా ఉంటుంది. అందుకని మొదటి కన్సల్టేషన్‌లోనే ఏ భాగం మీద, ఏ పద్ధతిలో, ఏం చేస్తారో కాగితం మీద రాయించుకోండి. రాసివ్వడానికి వెనకాడే చోట ఆపరేషన్ వద్దు. వీటన్నిటిలో ఎక్కువమంది అడిగేది లేబియాప్లాస్టీ గురించే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

అసలు మీది మామూలుగానే ఉందా? చేతి అద్దం పెట్టుకుని వెలుతురులో చూసుకోండి. లోపలి పెదవులు బయటి పెదవులను దాటి కనిపించడం, ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా ఉండడం, అంచులు ముడతలుగా, ఒంటిరంగు కంటే నల్లగా ఉండడం, ఇవేవీ జబ్బులు కావు. 2005లో లండన్‌లో 50 మందిని కొలిస్తే లోపలి పెదవుల పొడవు 20 నుంచి 100 మిల్లీమీటర్ల వరకు, వెడల్పు 7 నుంచి 50 మిల్లీమీటర్ల వరకు ఉంది. 2018లో స్విట్జర్లాండ్‌లో 657 మందిని కొలిచినప్పుడు పొడవు 5 నుంచి 100 మిల్లీమీటర్ల దాకా వచ్చింది. ఇంత తేడా ఉన్నచోట "ఇది సరైన సైజు" అని ఎవరైనా చెబితే అది వాళ్ల అభిరుచి మాత్రమే. ఫోన్లో చూసే వీడియోలు, బొమ్మలు ఏరి తీసినవి, చాలావరకు దిద్దినవి. ఈడు వచ్చే వయసులో లోపలి పెదవులు ముందు పెరుగుతాయి, బయటివి తర్వాత నిండుతాయి. బ్రిటన్ గైనకాలజిస్టుల రాయల్ కాలేజీ 2013లోనే 18 ఏళ్లలోపు వాళ్లకు ఈ ఆపరేషన్ మామూలుగా చేయకూడదని చెప్పడానికి ఇదీ ఒక కారణం. పదిహేనేళ్ల అమ్మాయిని తల్లి వెంటబెట్టుకుని తెస్తే డాక్టరు చేయాల్సిన పని ధైర్యం చెప్పి పంపడం.

తర్వాత మీ ఇబ్బంది ఏదో విడదీయండి. లెగ్గింగ్స్, జీన్స్ రాసుకుని మంట, సైకిల్ మీద నొప్పి, కలయికలో పెదవి లోపలికి లాగుకుపోవడం వంటివైతే అది వాడుకలో వచ్చిన ఇబ్బంది. "చూడ్డానికి బాగాలేదు" అంటే అది వేరు. రెండోది తప్పని కాదు గాని, ఆ మాట భర్త అన్నాడా, మీకు మీకే అనిపించిందా, రోజుకు ఎన్నిసార్లు గుర్తొస్తోంది అన్నవి నిజాయితీగా చూసుకోవాలి. గంటల తరబడి అదే ధ్యాస, పదేపదే అద్దంలో చూసుకోవడం, ఆ భయంతో పెళ్లి మానుకోవడం దాకా వస్తే ముందు సైకియాట్రిస్టును కలవాలి. ఆ స్థితిలో కోసినా చాలాసార్లు మనసు కుదుటపడదు, లోపం ఇంకోచోట కనబడొచ్చు.

రాపిడికైతే ఓ రెండు మూడు నెలలు కత్తి లేని దారి చూడండి: వదులు కాటన్ లోదుస్తులు, నడకకో సైకిల్‌కో ముందు పలచగా పెట్రోలియం జెల్లీ, పెదవులను లోపలికి సర్దుకోవడం, అక్కడ సబ్బు, వి-వాష్ లాంటివి మానేసి మామూలు నీళ్లు. రేజర్‌తో గీసిన వెంట్రుకల మొనలే మంట పుట్టిస్తున్నాయేమో కూడా చూసుకోండి. దురద, తెల్లమచ్చలు, పెరుగు విరుగులాంటి తెల్లబట్ట ఉంటే గైనకాలజిస్టు ముందు దాన్ని తేల్చాలి. షుగర్ ఉన్నవాళ్లలో వచ్చే ఫంగస్, లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధిని ఒక్కోసారి "పెదవుల సమస్య"గా పొరబడతారు. నలుపు పోగొడతాయని మందుల షాపుల్లో చీటీ లేకుండా అమ్మే స్టిరాయిడ్, హైడ్రోక్వినోన్ కలిపిన క్రీములు మాత్రం ముట్టుకోవద్దు. అక్కడి చర్మం పలచన, త్వరగా చిట్లిపోతుంది.

ఆపరేషన్ ఎలా చేస్తారు

సాధారణంగా గంట, రెండు గంటలు. ఇంజెక్షన్‌తో అక్కడికే మత్తు ఇచ్చో, దాంతోపాటు కొంత నిద్రమత్తు ఇచ్చో చేస్తారు. పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి, అంచు వెంబడి మిగులు చర్మాన్ని కోసి కుట్టడం. నల్లటి అంచు పోతుంది, కాని పొడుగునా మచ్చ మిగులుతుంది, ఎక్కువ కోసేసే ప్రమాదం ఇందులోనే ఎక్కువ. రెండోది, మధ్యలోంచి ముక్కోణం ముక్క తీసి పైభాగాన్ని, కిందిభాగాన్ని కలిపి కుట్టడం. సహజమైన అంచు నిలుస్తుంది, కాని కుట్టు మీద లాగుడు ఎక్కువ, రక్తప్రసరణ చాలకపోతే విచ్చుకుని మధ్యలో చిన్న రంధ్రం మిగలొచ్చు. డాక్టరు ఏ పద్ధతి ఎంచుకున్నారో, మీకు అదే ఎందుకో అడగండి. ఇంకో ప్రశ్న తప్పనిసరి: "ఎంత వదిలేస్తారు?" కనీసం ఒక సెంటీమీటరు వెడల్పు మిగిల్చాలన్నది సర్జన్లు పాటించే లెక్క. మొత్తం నున్నగా తీసేస్తామంటే లేచి వచ్చేయండి. లోపలి పెదవులు మూత్రద్వారాన్ని, యోనిద్వారాన్ని కప్పి తడి ఆరనివ్వకుండా కాపాడతాయి. పూర్తిగా పోతే ఆరిపోయి మంట, కలయికలో నొప్పి జీవితాంతం ఉండిపోవచ్చు, పోయిన కణజాలాన్ని తిరిగి పెట్టే మంచి దారి లేదు.

క్లిటోరిస్ మీది చర్మం కూడా "పనిలోపనిగా" తగ్గిస్తామంటే ఇంకా జాగ్రత్త. అక్కడి నరాల జంటలో పదివేలకు పైగా నరపు పోగులు ఉన్నట్టు 2022లో అమెరికాలో లెక్కగట్టారు. కోత లోతుగా పోతే స్పర్శ తగ్గడమో, బట్ట తగిలినా నొప్పెట్టడమో జరగొచ్చు.

చేసేవాళ్లకు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఆర్‌ఎన్‌బీ, లేకుంటే గైనకాలజీలో ఎండీ, ఎంఎస్ లేదా డీఎన్‌బీ డిగ్రీ ఉండాలి. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు సరిచూడండి. సలోన్, స్కిన్ క్లినిక్ గదిలో కాదు, మత్తు డాక్టరు, ఆక్సిజన్, అత్యవసర పరికరాలు ఉన్న థియేటర్‌లో జరగాలి. దీన్ని అందం కోసం చేసేదిగా లెక్కిస్తారు కాబట్టి సాధారణంగా బీమా రాదు. ప్యాకేజీ ధరలో తిరిగి కుట్టాల్సొస్తే అయ్యే ఖర్చు ఉందో లేదో ముందే అడగండి. గర్భసంచులు తీసేయడంలో దేశంలోకెల్లా ముందున్న మన రెండు రాష్ట్రాల్లో రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

తేదీని నెలసరి అయిపోయిన వెంటనే పెట్టించుకోండి. హిమోగ్లోబిన్, షుగర్, రక్తం గడ్డకట్టే పరీక్షలు, గర్భం లేదన్న నిర్ధారణ ముందే కావాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. నిద్రమత్తు ఉంటే ఆరు గంటల ముందు భోజనం, రెండు గంటల ముందు మంచినీళ్లు ఆపాలి.

ఇంటికి వచ్చాక

మొదటి రెండు మూడు రోజులు వాపు భయపెట్టేలానే ఉంటుంది. వెల్లకిలా పడుకుని పిరుదుల కింద దిండు పెట్టండి. ఐస్‌ను గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాలు పెట్టి తీయండి, నేరుగా ఆనించొద్దు. మూత్రం పోసేటప్పుడు మగ్గుతో నీళ్లు పోసుకుంటుంటే మంట తగ్గుతుంది. తుడవకండి, అద్దండి. మలబద్ధకం రానివ్వొద్దు. కుట్లు రెండు మూడు వారాల్లో కరిగిపోతాయి, లాగకూడదు. స్కూటీ, సైకిల్, జిమ్ నాలుగు నుంచి ఆరు వారాలు, కలయిక, టాంపన్, మెన్‌స్ట్రువల్ కప్ ఆరు వారాలు వద్దు. అసలు రూపం తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.

ఒకవైపే గంటగంటకూ పెరిగే గట్టి వాపు, గంటకో ప్యాడ్ తడిసే రక్తం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, దుర్వాసన, నల్లబడుతున్న అంచు, వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగకండి. లోపల రక్తం గడ్డ కడితే తెరిచి తీయాల్సిందే, మాత్రలతో కరగదు.

లేజర్, రేడియోఫ్రీక్వెన్సీ (రేడియో తరంగాలతో వేడి పుట్టించే) యంత్రాల గురించి: అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2018 జులైలో వీటిని అమ్మే ఏడు కంపెనీలకు లేఖలు రాసింది. ఆ యంత్రాలకు అనుమతి ఉన్నది పులిపిర్లు, కేన్సర్‌కు ముందుదశ కణాలు తీయడం లాంటి పనులకు. యోని బిగించడానికి, మెనోపాజ్ లక్షణాలకు కాదు. కాలిన గాయాలు, మచ్చలు, కలయికలో నొప్పి వచ్చాయని అది హెచ్చరించింది. 2021లో సిడ్నీలో 85 మంది మీద జరిగిన పరీక్షలో మెనోపాజ్ తర్వాత వచ్చే పొడిదనానికి నిజం లేజర్, ఉత్తుత్తి లేజర్ ఒకేలా పనిచేశాయి. పొడిదనానికి డాక్టరు రాసే ఈస్ట్రోజన్ క్రీము చవక, నమ్మదగింది.

కాన్పుల తర్వాత వదులు అనిపిస్తే ముందు కటి కండరాల వ్యాయామం: మూత్రం ఆపుకున్నట్టు బిగించి వదలడం, విడతకు కనీసం ఎనిమిదిసార్లు, రోజుకు మూడు విడతలు, మూడు నెలలు. దగ్గినప్పుడు మూత్రం పడినా, గర్భసంచి జారినట్టున్నా అవి వైద్యం కావాల్సిన వేరే సమస్యలు. బిగించే ఆపరేషన్ పిల్లలు చాలనుకున్న తర్వాతే. అతిగా బిగిస్తే కలయికే కష్టమవుతుంది.

కన్నెపొర కుట్ల విషయం రెండు ముక్కల్లో. దాన్ని చూసి కన్యత్వం తేల్చడం అసాధ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. బ్రిటన్ 2022లో ఆ ఆపరేషన్‌ను నేరం చేసింది, అక్కడ స్థిరపడి అమ్మాయిని ఇందుకోసం ఇండియాకు తెచ్చేవాళ్లకూ ఆ చట్టం వర్తిస్తుంది.

ఫలితం నచ్చకపోతే కనీసం ఆరు నెలలు ఆగి, వేరే సర్జన్‌కు చూపించండి. అప్పుడు మీ చేతిలో ఉండాల్సినవి: డిశ్చార్జ్ సమ్మరీ, ఏ పద్ధతిలో ఎంత తీశారో రాసిన ఆపరేషన్ నోట్సు, ముందూ వెనకా తీసిన ఫొటోలు. ఇవి అడిగి తీసుకునే హక్కు మీకుంది, డిశ్చార్జ్ రోజే తీసుకోండి.