విదేశీ ఖాతా నంబరుతో ఆన్‌లైన్ సంపాదనలో తరుగు తగ్గించుకోవడం ఎలా?

ధాన్యం కాటా దగ్గర నిలబడ్డ రైతుకి తరుగంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. తేమ పేరుతో కొంత, తాలు పేరుతో కొంత, సంచి బరువని ఇంకొంత తీసేసి, మిగిలినదానికే డబ్బు కడతారు. కిలో తరుగు కోసం మా నాన్న మిల్లు దగ్గర వాదిస్తుంటే చూస్తూ పెరిగాను. అమెరికా క్లయింట్లకి వెబ్‌సైట్లు కట్టివ్వడం మొదలుపెట్టిన మొదటి ఏడాది మాత్రం, నా సంపాదనలో ఎంత తరుగు పోతోందో ఒక్కసారి కూడా లెక్క చూడలేదు. ఇన్‌వాయిస్‌లో డాలర్లు రాశాను, ఖాతాలో రూపాయలు పడ్డాయి, అంతే అనుకున్నాను.

ఆ తరుగులో సగం పైగా ఆపవచ్చు. దానికి ఇక్కడే ఉండి, మీ పేరు మీదే, అమెరికా లేదా బ్రిటన్ ఖాతా నంబరు తీసుకోవాలి. డిజైన్, కోడింగ్, రైటింగ్, వీడియో ఎడిటింగ్, ఆన్‌లైన్ ట్యూషన్, ఏ పనికైనా దారి ఇదే.

ముందు తరుగు ఎక్కడ పోతోందో చూడండి

గత మూడు పేమెంట్లు తీయండి. ఒక్కోదానికి మూడు అంకెలు రాసుకోండి: ఇన్‌వాయిస్‌లో ఎన్ని డాలర్లు, మీ ఖాతాలో పడిన రూపాయలు ఎన్ని, ఆ రోజు మార్కెట్‌లో డాలరు ధర ఎంత. పడిన రూపాయల్ని ఇన్‌వాయిస్ డాలర్లతో భాగిస్తే మీకు నిజంగా దక్కిన రేటు వస్తుంది. దానికీ మార్కెట్ రేటుకీ ఉన్న తేడాయే మీ తరుగు. ఫీజు అని బిల్లులో కనిపించేది అందులో ఒక ముక్క మాత్రమే. పెద్ద ముక్క మారకపు రేటులో దాగి ఉంటుంది, దానికి విడిగా రసీదు ఇవ్వరు.

1000 డాలర్ల పేమెంటు తీసుకుందాం. లెక్క సులువు కోసం డాలరు 90 రూపాయలు అనుకుంటే, తరుగు లేకపోతే 90,000 రావాలి.

పేపాల్‌లో విదేశీ పేమెంటుకి 4.4 శాతం, దాని మీద 30 సెంట్లు పోతాయి. 955.70 డాలర్లు మిగులుతాయి. మారకంలో ఇంకో 3 శాతం తగ్గిందనుకుంటే చేతికి వచ్చేది సుమారు 83,430 రూపాయలు.

క్లయింటు తన బ్యాంకు నుంచి నేరుగా మీ బ్యాంకుకి స్విఫ్ట్‌లో, అంటే దేశాల మధ్య బ్యాంకులు వాడే దారిలో, పంపితే, మధ్యలో ఉన్న బ్యాంకు తన వాటా కోసుకుంటుంది. 20 డాలర్లు కోసిందనుకోండి. మీ బ్యాంకు మార్కెట్ కంటే ఒక శాతం తక్కువ రేటు కట్టి, 300 రూపాయల కమీషన్, దాని మీద జీఎస్టీ తీసుకుందనుకోండి. కరెన్సీ మార్పిడి మీద విడిగా ఇంకో జీఎస్టీ ఉంది: లక్ష రూపాయల లోపు మార్పిడిలో ఒక శాతాన్ని సేవ విలువగా లెక్కగట్టి, దాని మీద 18 శాతం. ఇవన్నీ పోగా దాదాపు 86,800 వస్తాయి. ఇది కాక, పంపినందుకు క్లయింటు దగ్గర వాళ్ళ బ్యాంకు కూడా వసూలు చేస్తుంది. అందుకే చాలామంది క్లయింట్లు ‘వైరు’ (ఇలా బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపడాన్ని అలా అంటారు) అనగానే మొహం చిట్లిస్తారు.

మూడో దారిలో మీ పేరున ఉన్న అమెరికా ఖాతా నంబరుకి క్లయింటు ఏసీహెచ్ (అమెరికా బ్యాంకుల మధ్య మామూలుగా డబ్బు పంపే పద్ధతి) ద్వారా లోకల్‌గానే పంపుతాడు. అక్కడ డబ్బు అందుకున్న సంస్థ ఫీజూ మారకమూ కలిపి 1.5 శాతం తీసుకుంటే 88,650 రూపాయలు వస్తాయి. మొదటి దారికీ దీనికీ తేడా 5,200 పైమాటే. నెలకి ఒక్క పేమెంటు వచ్చినా ఏడాదికి 62,000 దాటుతుంది. ఒక మంచి లాప్‌టాప్ డబ్బు.

ఈ శాతాలు సంస్థను బట్టి, మొత్తాన్ని బట్టి మారతాయి. మీ మూడు పేమెంట్లతో మీ లెక్క మీరే వేసుకోండి.

ఇక్కడ విదేశీ ఖాతా అంటే ఏమిటి

విమానం ఎక్కి న్యూయార్క్‌లో బ్యాంకు ఖాతా తెరవడం కాదు. మన దగ్గర పనిచేసే పేమెంట్ సంస్థ, అమెరికాలో తన భాగస్వామి బ్యాంకు ద్వారా మీ పేరున ఒక ఖాతా నంబరు, తొమ్మిది అంకెల రూటింగ్ నంబరు ఇస్తుంది. బ్రిటన్ అయితే ఆరంకెల సార్ట్ కోడ్, ఎనిమిదంకెల ఖాతా నంబరు. యూరో దేశాలకైతే ఐబాన్ అనే ఖాతా నంబరు. క్లయింటుకి అది పక్క వీధి ఖాతాకి పంపినట్టే ఉంటుంది. ఆ డబ్బు అక్కడ నిల్వ ఉండదు. సంస్థ దాన్ని రూపాయల్లోకి మార్చి మీ భారతీయ బ్యాంకు ఖాతాకి తోసేస్తుంది.

ఈ చివరి మాట ముఖ్యం. ఎగుమతి సంపాదనని గడువులోగా దేశంలోకి తెచ్చుకోవాలని 1999 నాటి విదేశీ మారకపు చట్టం, ఫెమా, చెబుతుంది. మీ సేవ విదేశీ క్లయింటుకి అందితే, ఇంట్లో మంచం మీద కూర్చుని చేసినా అది ఎగుమతే. చట్టాన్ని ఉల్లంఘిస్తే, ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. డబ్బు తనంతట తానే ఇండియా ఖాతాకి వచ్చేసే ఏర్పాటు ఉన్న సంస్థను ఎంచుకుంటే ఈ భయం ఉండదు.

సంస్థను ఎంచుకోవడం

పేయోనీర్, స్కైడో లాంటి పేర్లు మీరు వినే ఉంటారు. ఏది తీసుకున్నా ముందు రెండు చూడండి. ఒకటి, రిజర్వు బ్యాంకు అనుమతి. సరిహద్దు దాటే పేమెంట్లు నడిపే సంస్థలకి రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు 31న విడిగా నిబంధనలు పెట్టింది. అనుమతి పొందిన వాటి జాబితా దాని వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఇప్పటి నిబంధనల ప్రకారం ఒక్కో లావాదేవీకి 25 లక్షల రూపాయల పరిమితి ఉంది. మనలో ఎక్కువమందికి అది అడ్డు కాదు. రెండోది, విదేశం నుంచి డబ్బు వచ్చిందని రుజువుగా ఉండే ఫిరా అనే కాగితం ఇస్తారా, దానికి డబ్బు అడుగుతారా అన్నది. ఫిరా ఇవ్వని సంస్థ ఎంత చవకైనా వద్దు. ఎందుకో కింద చెప్తాను.

ఆ తర్వాత ధర. కొందరు శాతం తీసుకుంటారు, కొందరు పేమెంటుకి ఇంత అని స్థిరంగా తీసుకుంటారు. మీకు 50 డాలర్లవి పది వస్తాయా, 2000వి ఒకటి వస్తుందా అన్నదాన్ని బట్టి ఏది లాభమో తేలుతుంది. స్థిర ఫీజు ఉన్నచోట చిన్న పనులన్నీ కలిపి నెలకి ఒకే ఇన్‌వాయిస్ పంపండి. ‘జీరో ఫీజు’ అని ఎవరైనా అంటే వెంటనే మారకపు రేటు అడగండి.

ఖాతా తెరవడం, పేరు గొడవ

పాన్ కార్డు, చిరునామా ఆధారం, బ్యాంకు వివరాలు, మీరు చేసే పనికి రుజువుగా ఒక ఒప్పందమో ఇన్‌వాయిసో పోర్ట్‌ఫోలియో లింకో అడుగుతారు. డబ్బు ఏ పనికి వస్తోందో చెప్పే పర్పస్ కోడ్ కూడా అడుగుతారు. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802, ప్రకటనల పనికి పీ1007, వ్యాపార సలహాలకి పీ1006. నోటికొచ్చిన కోడ్ పెట్టకండి, మీ పనికి దగ్గరగా ఉన్నదే పెట్టండి.

తెలుగువాళ్ళకి ఎక్కువగా చిక్కు వచ్చేది పేరు దగ్గర. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో వరస తిరగబడి ఉంటుంది. పేర్లు కలవకపోతే వెరిఫికేషన్ ఆగిపోతుంది, లేదా డబ్బు మధ్యలో ఆగుతుంది. నాకు ఒక పేమెంటు అలాగే రోజుల తరబడి నిలిచిపోయింది. ఆ నెల అద్దె అప్పు చేసి కట్టాను. అందుకే ఖాతా కోసం అప్లై చేసే ముందే బ్యాంకుకి వెళ్ళి, పాన్‌లో ఉన్నట్టే పేరు మార్పించుకోండి. ఒక పూట పని. విదేశీ ఫారాల్లో లాస్ట్ నేమ్ అని ఉన్నచోట ఇంటిపేరు పూర్తిగా రాయండి, ఇన్‌వాయిస్ మీద కూడా అదే రూపం వాడండి.

క్లయింటుని ఒప్పించడం

ఇది అనుకున్నంత కష్టం కాదు. ‘వైరు అక్కర్లేదు, మీ దేశంలోని ఖాతాకి పంపినట్టే పంపవచ్చు’ అని రెండు వాక్యాలు రాసి, ఇన్‌వాయిస్ అడుగున ఖాతాదారు పేరు, బ్యాంకు పేరు, రూటింగ్ నంబరు, ఖాతా నంబరు, ఖాతా రకం ఇవ్వండి. ఏసీహెచ్ ద్వారా పంపమని స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే అమెరికాలోపల వైరుకి కూడా బ్యాంకులు డబ్బు తీసుకుంటాయి. కొత్త క్లయింటు దగ్గర ముందు 50, 100 డాలర్లు తెప్పించుకుని, అవి రూపాయలై ఖాతాలో పడ్డాకే పెద్ద బిల్లు పంపండి.

అమెరికా కంపెనీలు డబ్ల్యూ-8 బెన్ అనే ఫారం అడుగుతాయి. కంగారు పడకండి. మీరు అమెరికా పౌరులు కాదనీ అక్కడి నివాసి కాదనీ చెప్పే కాగితం అది. నింపి క్లయింటుకే ఇవ్వాలి, అక్కడి పన్నుల శాఖకి పంపనక్కర్లేదు. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో క్యాలెండరు సంవత్సరం ముగిసేదాకా చెల్లుతుంది.

ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ సైటులో పరిచయమైన క్లయింటుకి ఈ నంబరు ఇచ్చి బయట డబ్బు తీసుకోకండి. రెండేళ్ళ పాటు వాళ్ళ ద్వారానే తీసుకోవాలన్నది అక్కడి నిబంధన. అది మీరి అప్‌వర్క్ ఖాతా పోతే సంపాదించుకున్న రేటింగులన్నీ పోతాయి.

డాలస్‌లో ఉన్న అన్నయ్య ఖాతా వాడకండి

ఈ మాట చెప్పడానికే ఈ వ్యాసం రాయాలనిపించింది. మన ఊళ్ళలో ప్రతి రెండో ఇంట్లో ఒకరు అమెరికాలో ఉన్నారు. ‘ఇన్ని ఫీజులెందుకు, అన్నయ్య ఖాతాకి పంపించు, వాడు రేటు బాగున్నప్పుడు మనకి పంపుతాడు’ అని ఇంట్లోవాళ్ళు ప్రేమగానే అంటారు. నాకూ అన్నారు. ఒక్క రూపాయి తరుగు లేని దారిలా కనిపిస్తుంది.

కానీ అక్కడి పన్నుల శాఖ కళ్ళకి ఆ డబ్బు అన్నయ్య సంపాదన. క్లయింటు ఫారం 1099 (ఎవరికి ఎంత కట్టారో పన్నుల శాఖకి చెప్పే కాగితం) ఇస్తే అది ఆయన పేరున వస్తుంది, ఆ పన్నుకి ఆయనే సంజాయిషీ చెప్పుకోవాలి. అన్నయ్య ఎఫ్-1 విద్యార్థి వీసా మీదో, ఒక కంపెనీకి కట్టుబడిన హెచ్-1బీ మీదో ఉంటే, తనకి అనుమతి లేని పని చేసి సంపాదించినట్టు కాగితం మీద కనిపిస్తుంది. మీ ఆరు వేలు మిగల్చడానికి ఆయన వీసాని పణంగా పెట్టినట్టవుతుంది.

ఇటువైపు చూస్తే, అదే డబ్బు మీకు కుటుంబ పోషణకి పంపిన సొమ్ముగా వస్తుంది. ఎగుమతి ఆదాయమని చెప్పడానికి మీ దగ్గర ఫిరా ఉండదు. రేపు ఇంటి లోను కోసం ఆదాయం చూపించాలన్నా, జీఎస్టీలో ఎగుమతి అని నిరూపించాలన్నా ఆధారం లేదు. ఇంకొకరి పేరున ‘వెరిఫైడ్’ ఖాతాలు అమ్మేవాళ్ళ దగ్గర కొనడం ఇంతకంటే ప్రమాదం. ఆ ఖాతాలో అంతకుముందు ఎవరి దొంగసొమ్ము తిరిగిందో మీకు తెలియదు. మీ ఖాతాకి స్నేహితుడి పేమెంటు తెప్పించి ఇవ్వడమూ అలాంటిదే, మొహమాటపడకుండా కుదరదని చెప్పండి.

కాగితాలు

ప్రతి పేమెంటుకీ ఇన్‌వాయిస్, ఫిరా, బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ వరస, ఈ మూడూ ఒకే ఫోల్డరులో పెట్టండి. నెలాఖరున పది నిమిషాలు చాలు.

ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. ఎగుమతి మీద పన్ను సున్నాయే గానీ, ఏటా ఆర్ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ అనే హామీపత్రం పెట్టకపోతే ముందు 18 శాతం కట్టి తర్వాత వాపసు అడగాల్సి వస్తుంది. ఆదాయపు పన్నులో, 44ఏడీఏ అని అందరం పిలిచే పద్ధతి మీ వృత్తికి వర్తిస్తే, రాబడిలో సగాన్నే ఆదాయంగా చూపించవచ్చు. క్లయింటు పంపిన మొత్తమే మీ రాబడి. సంస్థ ఫీజు పోగా చేతికొచ్చింది రాబడి కాదు.

నిజంగానే విదేశంలో మీ పేరున బ్యాంకు ఖాతా ఉంటే, నిల్వ సున్నా అయినా, రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి. ఐటీఆర్-1, ఐటీఆర్-4 వాడకూడదు. చెప్పకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా దాకా వెళ్ళవచ్చు. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షల లోపు ఉన్నవాళ్ళని 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా నుంచి మినహాయించారు, కానీ చెప్పాల్సిన బాధ్యత అలాగే ఉంది. పేమెంటు సంస్థ ఇచ్చిన నంబరు ఈ లెక్కలోకి వస్తుందా అన్నది ఒప్పందం కాగితాలు చూపించి మీ ఆడిటర్‌ని అడగండి.

రాబడి పెరిగాక

నెలకి వేల డాలర్లు వస్తూ, సర్వర్లకీ సాఫ్ట్‌వేర్లకీ డాలర్లలోనే ఖర్చు పెడుతున్నవాళ్ళు తమ బ్యాంకులో ఈఈఎఫ్‌సీ (ఎగుమతిదారుల విదేశీ కరెన్సీ) ఖాతా అడగండి. వచ్చిన డాలర్లని డాలర్లుగానే అందులో ఉంచుకోవచ్చు. వడ్డీ రాదు. వచ్చిన నెల తర్వాతి నెల ఆఖరుకల్లా వాడనిది రూపాయల్లోకి మార్చాలి. డాలరుని రూపాయిగా, రూపాయిని మళ్ళీ డాలరుగా మార్చి రెండుసార్లు తరుగు పోయే బాధ తప్పుతుంది. ఎగుమతిదారులు విదేశంలోనే ఖాతా తెరిచి సొమ్ము అందుకునే వీలు కూడా 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు కల్పించింది. అది దిగుమతులు కూడా ఉన్న వ్యాపారాలకి పనికొస్తుంది. ఒంటరిగా పనిచేసుకునేవాళ్ళకి ఆ కాగితాల బరువు అనవసరం.

మీకు అప్‌వర్క్ నుంచి మాత్రమే డబ్బు వస్తుంటే, అక్కడే నేరుగా లోకల్ బ్యాంకుకి తీసుకునే పద్ధతిని ఒకసారి, పేయోనీర్ ద్వారా ఒకసారి ప్రయత్నించి, మొదట చెప్పిన మూడంకెల లెక్క రెండింటికీ వేయండి. కొందరికి ఏ కొత్త ఖాతా లేకుండా లోకల్ బ్యాంకు దారే చవగ్గా తేలుతుంది.