డిజిటల్ కాక్‌పిట్ చదవడం – 4: గులాబీ గీత ఇప్పటి వేగం చెప్పదు

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క చాలామందిని బోల్తా కొట్టించింది. విమానం సెస్నా 172ఎస్, తెర గార్మిన్ జీ1000. ఫైనల్‌లో (రన్‌వేకు ఎదురుగా దిగే చివరి దశలో) ఉన్నారు, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) పూర్తిగా దించారు. వేగం టేపు (నిలువుగా జారే వేగం అంకెల పట్టీ) మీద ఇప్పటి వేగం చూపే నల్ల గడిలో 68 నాట్లు (నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు), ముదురు గులాబీ గీత కిందికి సాగి 62 దగ్గర ఆగింది. ఇప్పుడు వేగమెంత? 62 అని రాసినవాళ్లే ఎక్కువ. జవాబు 68. అందుకే ఆల్టిమీటరును (ఎత్తు చూపే మీటరును) వచ్చేవారానికి తోసి, మళ్లీ ఈ టేపు దగ్గరికే వచ్చాం.

టేపు మీద వేగ పరిమితులు చూపే తెలుపు, ఆకుపచ్చ, పసుపు పట్టీల జోలికి వెళ్లను. పాత గుండ్రటి వేగం మీటరులో ఏం చెప్పేవో ఇక్కడా అదే. పెద్ద అంకెలు పైన ఉంటాయి, వేగం పెరిగితే టేపు కిందికి జారుతుంది, గడి మాత్రం కదలదు. అంతే.

ఇక గీత. వేగం ఇప్పుడు మారుతున్న తీరులోనే మారుతూ పోతే 6 సెకన్ల తర్వాత ఎంతుంటుందో దాని కొస చెబుతుంది. మన లెక్కలో 68 నుంచి 62 అంటే సెకనుకు ఒక నాటు చొప్పున పడిపోతోందని.

టేకాఫ్ పరుగులో గడిలో 40, కొస 55 దగ్గర. రొటేట్ వేగం (ముక్కు ఎత్తాల్సిన వేగం) 55 కదా అని యోక్ (విమానం చుక్కాని పిడి) లాగేస్తారు కొందరు. రెక్కలకు తగిలే గాలి 40 నాట్లదే! పైగా పరుగు ముదిరేకొద్దీ వేగం పుంజుకోవడం మందగిస్తుంది, కాబట్టి 55 రావడానికి 6 సెకన్ల కంటే ఎక్కువే పట్టొచ్చు. గడిలో 55 పడ్డాకే లాగండి.

మళ్లీ ఫైనల్‌కు వద్దాం. మీకు కావలసింది 65. కాస్త పవర్ పెంచారు. ముందు కురచయ్యేది గీతే. అంకెలు 67, 66 అంటూ ఇంకా దిగుతూనే ఉంటాయి. అవి చూసి కంగారుపడి థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పిడి) మళ్లీ తోస్తే గీత పైకి తిరుగుతుంది, వేగం 75 దాటుతుంది, విమానం నేలకు దిగకుండా రన్‌వే మీద తేలుతూ పోతుంది. గీత కురచవుతోందంటే పెంచిన పవర్ పనిచేస్తోందన్నమాట. మాయమైందంటే వేగం నిలబడింది.

గాలి కుదుపుల్లో అది పైకీ కిందికీ గెంతుతుంది. నేనైతే రెండు మూడు సెకన్లు ఒకే వైపు నిలిస్తేనే లెక్కలోకి తీసుకుంటాను.

కిందికి దిగేటప్పుడు గీత కొస 163 (ఈ విమానం ఎప్పుడూ దాటకూడని వేగం) దాటితే గడిలో అంకెలు పసుపురంగుకు మారతాయి, అప్పటికి వేగం 150 మాత్రమే ఉన్నా సరే. పవర్ తగ్గించి, ముక్కును మెల్లగా ఎత్తండి. గుంజితే రెక్కల మీద భారం పెరుగుతుంది.

టేపు అడుగున ఉండే ట్రూ ఎయిర్‌స్పీడ్‌ను (గాలిలో విమానం అసలు వేగాన్ని) ఫ్లాప్స్ పరిమితికీ స్టాల్‌కీ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితికీ) చూడకండి. అది దారి లెక్కలకు.

అభ్యాసం: సిమ్యులేటర్‌లో ఒక పూర్తి సర్క్యూట్ (టేకాఫ్ చేసి, రన్‌వే చుట్టూ తిరిగి దిగే చుట్టు) రికార్డు చేయండి. 40 చోట్ల ఆపి గడిలో అంకె, గీత కొస, సెకనుకు ఎన్ని నాట్ల మార్పు, 6 సెకన్ల తర్వాత నిజంగా ఉన్న వేగం రాయండి. కొస చెప్పిందానికీ వచ్చినదానికీ తేడా 3 నాట్లు దాటిన ప్రతిచోటా ఆ మధ్యలో ఏం మారిందో రాయాలి: పవరా, ముక్కా, ఫ్లాప్సా, గాలా.